హాల్లో సినిమా హాలు

2025 సెప్టెంబరు 22న 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి దిగింది. పన్ను దిగితే మధ్యతరగతి మొగుడికి ఆశ ఎక్కుతుంది. "ఇప్పుడు కొంటే పది శాతం మిగులు" అని పేపరు తెచ్చి చూపించాను. మావాడు లెక్క కట్టి "పది కాదు నాన్నా, మొత్తం ధర మీద ఎనిమిదికి కాస్త తక్కువే" అన్నాడు. మా ఆవిడ చపాతీ పిండి మీంచి తలెత్తకుండానే "కొనకపోతే నూటికి నూరూ మిగులు" అంది.

చర్చలు సాగి సాగి ఇరవై వేలు మంజూరయ్యాయి. మిక్సీ రిపేరు కూడా అందులోనే.

ఇరవై వేలకు 55 అంగుళాల టీవీ కల మూసేయక తప్పలేదు. పైగా ఉన్న 43 అంగుళాల టీవీకి బొమ్మ విషయంలో ఏ లోటూ లేదు. జబ్బంతా గొంతులో ఉంది. టీవీలు సన్నబడేకొద్దీ స్పీకర్లకు చోటు చాలక అడుగునో వెనకనో ఇరికిస్తున్నారు. దాంతో హీరో విలన్‌కి ఇచ్చే వార్నింగు ముందు మా గోడకు వినిపిస్తుంది, ఆ తర్వాత మాకు. 1986లో 'సింహాసనం'తో కృష్ణగారు 70 ఎంఎం తెర మీద ఆరు ట్రాకుల స్టీరియో వినిపించి పాడుచేసిన తరం మాది. ఆ చెవుల్ని పట్టుకుని ఇప్పుడు గోడ చెప్పింది వినమంటే ఎలా?

సౌండ్‌బార్ కొందామని ఓ షోరూముకు వెళ్లాం. అట్టపెట్టె మీద '1200 వాట్స్ పీఎంపీవో' అని నా అరచేయంత అక్షరాలు. అడాప్టర్ వెనక్కి తిప్పి చూస్తే చీమ తలకాయంత అక్షరాల్లో 12 వోల్టులు, 2 ఆంపియర్లు. గుణిస్తే 24 వాట్లు. ఇరవై నాలుగు లోపలికి తీసుకుని పన్నెండు వందలు బయటికిచ్చే యంత్రమే ఉంటే దాన్ని ముందు కరెంటాఫీసులో పెట్టాలి. పీఎంపీవో అంటే పెళ్లిచూపుల్లో చెప్పే జీతం, ఆర్‌ఎంఎస్ అంటే ఒకటో తారీఖున చేతికొచ్చేది. "ఆర్‌ఎంఎస్ ఎంత బాబూ?" అని అడిగితే సేల్స్ కుర్రాడు నావైపు జాలిగా చూసి, పక్కనున్న జంటకు ఫ్రిజ్ చూపించడానికి వెళ్లిపోయాడు.

అక్కడినుంచి నేరుగా కోఠీ, గుజరాతీ గల్లీ. తక్కువ డబ్బుతో ఎక్కువ మోత కావాలనుకునేవాళ్లకు నా మటుకు ఒక్కటే సలహా: శబ్దాన్ని పెంచి స్పీకర్లన్నిటికీ పంచే పాత ఏవీ రిసీవర్. 4కే బొమ్మను తనలోంచి దాటించలేదన్న ఒక్క నేరానికి జనం దాన్ని వదిలించుకుంటారు. మన బొమ్మ ఎలాగూ టీవీలోనే తయారవుతోంది, రిసీవర్‌కు పంపాల్సింది శబ్దం ఒక్కటే. దానికి రెండిటికీ ఏఆర్‌సీ పోర్టు ఉంటే సరి, లేకపోతే ఆప్టికల్ కేబుల్ చాలు. ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్‌తో సహా బేరమాడి పట్టుకొచ్చాను. బంగారు పూత వైర్లు కూడా అంటగట్టబోయారు. కరెంటు సామాన్ల కొట్లో మీటర్ల లెక్కన దొరికే రాగి తీగ అదే పని చేస్తుంది. ఎరుపు, నలుపు కొసలు తారుమారు కాకుండా చూసుకుంటే చాలు. ఒక్క స్పీకరుకు అటుదిటైనా బేస్ పలచబడిపోతుంది.

ఇక సబ్‌వూఫర్‌ను ఎక్కడ పెట్టాలి? గదిలో లావు శబ్దం గోడలకు తగిలి ఒకచోట పోగుపడుతుంది, ఇంకోచోట మాయమవుతుంది. తెలిసినవాళ్లు చేసే పనేమిటంటే, తాము కూర్చునే సోఫాలో సబ్‌వూఫర్‌ను కూర్చోబెట్టి, డప్పులున్న పాటేదైనా పెట్టి, తాము నేలమీద పాకుతూ వెళ్తారు. ఎక్కడ డప్పు నిండుగా, స్పష్టంగా వినిపిస్తే పెట్టె అక్కడికి. శాస్త్రమే, కాదనను. కానీ తెనాలి నుంచి అత్తయ్యగారు వచ్చి గుమ్మంలో నిలబడే సమయానికి అల్లుడు చెవి నేలకానించి షూ రాకు కింద ఉండటం ఏ శాస్త్రంలోనూ లేదు.

"అల్లుడుగారిది ఏం పోయిందే?" అన్నారావిడ.

"డబ్బు" అంది మా ఆవిడ.

బేస్ అన్నిటికంటే బాగా పలికింది పూజగది గుమ్మం ముందు. ఆ ప్రతిపాదన పెదవి దాటకముందే వీగిపోయింది. రెండోస్థానం షూ రాకుది.

పైసా ఖర్చులేని మార్పు టీవీ సెట్టింగుల్లో దొరికింది. 'వివిడ్' తీసేసి 'సినిమా' పెట్టాను. మోషన్ స్మూతింగ్ ఆపేశాను. సినిమా సెకనుకు 24 ఫ్రేములతో తీస్తారు. మధ్యలో లేని ఫ్రేముల్ని టీవీ తనే కల్పించి అతికిస్తుంది, అందుకే కోట్ల సినిమా కూడా మధ్యాహ్నం సీరియల్లా జారిపోతూ కనిపిస్తుంది. "ఆ జారుడే బాగుండేది కదండీ" అన్నారు అత్తయ్యగారు. సీరియల్ వేళకు వివిడ్, మిగతా వేళల్లో సినిమా అని ఒప్పందం కుదిరింది. టైల్స్ నేల మీద మాటలు మార్మోగుతుంటే ఆవిడే పెట్టెలోంచి పాత తివాచీ తీసి పరిచారు. నిజం చెప్పొద్దూ, ఇరవై వేల సరంజామాలో సగం గొప్ప ఆ తివాచీదే.

ఇప్పుడు మాటలు మధ్య స్పీకర్లోంచి గోడ సాయం లేకుండా వస్తున్నాయి. వాన కురిస్తే వెనక స్పీకర్లలో కురుస్తుంది, మా ఆవిడ బాల్కనీలోకి ఆరేసిన బట్టల కోసం పరిగెడుతుంది. క్లైమాక్స్ మొదలవగానే కింది వాటా ఓనరుగారు ఫోన్ చేస్తారు, "ఏ సినిమా అండీ అది?" అని.

మీరూ ఈ పనిలోకి దిగేట్టయితే టీవీ జోలికి ఆఖర్న వెళ్లండి. సీలింగ్ ఫ్యాన్ ఐదు మీంచి మూడుకు తిప్పండి. పాకేముందు వీధి తలుపు గడియ వేసుకోండి.