తోముడు పండుగ

మార్చి నెల వచ్చిందంటే పండ్ల మీద భక్తి పొంగుతుంది. 6న దంతవైద్యుల దినం, 20న ప్రపంచ నోటి ఆరోగ్య దినం. ఆ సందట్లో కర్నూలు, కడప మెట్ట పల్లెల బళ్లకూ దొరలు దిగుతారు. పిల్లోనికొక బ్రష్షు, బొటనవేలంత పేస్టు ట్యూబు, పుట్టినప్పటినుంచి ముసలితనం దాకా ఏ వయసులో పండ్లనెట్లా కాపాడుకోవాలో చెప్పే రంగుల కరపత్రం. ప్లాస్టిక్ దవడ మీద తోముడు చూపించి, వరసగా నోళ్లు తెరిపిస్తారు. నాలుగో తరగతి పిల్లోని దగ్గర చూపు ఆగుతుంది.

"ఏమ్రా, పండ్లు తోముతావా లేదా?"

"పొద్దున్నే తోముకున్న్యా సార్."

"మరి ఈ గార ఏంది?"

పిల్లోడు పెదవులు మూసుకుంటాడు. కేసు తేల్చేశారు, ముద్దాయికి రెండు పూటలా తోముడు శిక్ష.

ఆ పండ్లు మీద మురికి పట్టినవి కావు, లోపలే అట్లా తయారైనవి. ముందు పండ్ల పింగాణీ పొర చిగురు కిందే, ఏడెనిమిదేళ్లు నిండేలోపు కట్టుకుంటుంది. ఆ ఏళ్లలో తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైతే ఆ పొర సరిగా గట్టిపడదు. సుద్దముక్కలాంటి తెల్ల మచ్చలతో పన్ను బయటికొస్తుంది, పోనుపోను గోధుమరంగుకు తిరుగుతుంది. పాలపండ్లకు ఈ బాధ తక్కువ. అందుకే ఒకటో తరగతిలో తెల్లగా నవ్విన పిల్లోడు నాలుగో తరగతికొచ్చేసరికి సోమరిగా లెక్క తేలతాడు. తోమితే పోవడానికి అదేమన్నా సద్దిగిన్నె అడుగున మాడా?

ఇది నిన్న మొన్న బయటపడిన రహస్యమూ కాదు. మన పొరుగునే, ఇప్పటి ప్రకాశం జిల్లా పల్లెల్లో మనుషుల పండ్లూ ఎముకలూ ఇట్లా చెడడానికి నీళ్లలోని ఫ్లోరైడే కారణమని షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్లు 1937లోనే రాసిపెట్టారు. అప్పుడు మనది మద్రాసు రాజధాని. రాజధానులు మారాయి, జిల్లాలు చీలాయి, కరపత్రం మాత్రం ఇప్పటికీ బ్రష్షు దగ్గరే ఆగింది. భారత ప్రమాణాల సంస్థ లెక్కలో తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లే దొరక్కపోతే 1.5 వరకు ఓర్చుకోవచ్చు. ఈ అంకె ఏ కరపత్రంలోనూ నా కంట పడలేదు. "నీళ్లు కాచి చల్లార్చి తాగండి" అని మాత్రం ఉంటుంది. కాస్తే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ చావదు సామీ, నీళ్లు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది.

అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్ పట్నం 1945లో డబ్బు పెట్టి మరీ కుళాయి నీళ్లలో ఫ్లోరైడ్ కలిపింది, పండ్లు పుచ్చకుండా. లీటరుకు 1 మిల్లీగ్రాము, తూకం వేసి. మనకా ఖర్చు లేదు. భూదేవి బండరాళ్ల సందుల్లోంచి ఉచితంగా కలిపి పంపుతుంది, తూకమే చూడదు.

వేపపుల్ల వీరులు వేరే ఉన్నారు. "మా తాత ఎనభై ఏళ్లకు కూడా చెరుకు కొరికినాడు, వేపపుల్ల మహిమ!" అని ఫోనులో పంపుతుంటారు. తాత తాగింది చాలావరకు చేదబావి నీళ్లు. మనవడు తాగేది వందల అడుగుల లోతు బోరు నీళ్లు. రాళ్ల మధ్య ఎన్నో ఏళ్లు నానిన నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ దిగుతుంది. పాపం వేపచెట్టు, దానికీ నీళ్లు ఆ భూమిలోవే.

తోమొద్దని నేననను. ఐదు రూపాయల బిస్కెట్లు తెచ్చే పుచ్చుకు తోముడు కావాల్సిందే. కానీ ప్రకటనలో బ్రష్షు ఈ కొసనుంచి ఆ కొసదాకా పేస్టును పాములా పరుస్తారు చూడండి, మూడేళ్లలోపు బిడ్డకు బియ్యపుగింజంత, ఆరేళ్ల దాకా శనగగింజంత చాలు. మింగే వయసు కదా.

ఇక కరపత్రంలోని తక్కిన దశలు. గర్భిణి పండ్ల డాక్టరుకు చూపించుకోవాలట. మండల ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మామూలుగా ఆ డాక్టరుండడు, కడప సర్కారు దంత కళాశాలకు బస్సెక్కాలి. పెళ్లీడుకొచ్చిన పిల్లకు ఏమీ రాయలేదు. పెళ్లిచూపుల్లో నోరు మూసుకుని నవ్వడం మా ఆడపిల్లలు సొంతంగా నేర్చుకున్న విద్య. నడివయసులో ఆర్నెల్లకోసారి పరీక్ష చేయించుకోవాలట, ఆ ఆర్నెల్లలో ఆదోని, ఆలూరు కూలోళ్లు గుంటూరు మిరపచేలలో ఉంటారేమో కనుక్కోండి. ముసలితనానికి కట్టుడు పండ్లు. దానికి మా పెద్దోళ్లు ముందే విరుగుడు కనిపెట్టారు, రాగిసంగటి. దాన్ని మింగాలే గాని నమలకూడదు.

జల్ జీవన్ మిషన్ లెక్క ప్రకారం ఊరికి నీటి పరీక్ష కిట్లు రావాలి, ఐదుగురు ఆడవాళ్లకు ఆ పరీక్ష నేర్పాలి. ఈసారి వచ్చే దొరలు బ్రష్షుల పెట్టెతో పాటు ఆ కిట్టొకటి పట్టుకురండి. బడి నీళ్లే కాదు, మధ్యాహ్న భోజనం వండే బిందె నీళ్లూ పరీక్షించండి. తాగడానికి క్యాను కొన్నా కూడూ పప్పూ ఉడికేది బోరు నీళ్లలోనే. వచ్చిన అంకెను బడి గోడ మీద పెద్దక్షరాలతో రాయండి. అది 1.5 దాటిందంటే నాలుగో తరగతి పిల్లోన్ని నిలబెట్టి అడగాలా, ఏ ఆఫీసుకు పోయి ఎవర్ని నిలబెట్టి అడగాలా అన్నది అప్పుడు మాట్లాడుకుందాం.