టిఫిన్ చేసొచ్చి దీక్ష

మా గజపతినగరం మెయిన్ రోడ్డు మీద ఈమధ్య రాస్తారోకోలు ఎక్కువయ్యాయి. సాలూరు బస్సులు రెండు ఆపుతారు, ఫ్లెక్సీ పట్టుకుంటారు, సెల్లు పట్టుకున్న కుర్రాడు "వచ్చేసింది అన్నా" అనగానే లేచి ప్యాంట్లు దులుపుకుంటారు. బస్సులో ఉక్కపోతకి ఏడుస్తున్న చంటిబిడ్డ తల్లికి బండి ఎందుకాగిందో చెప్పే నాథుడుండడు. "ఏటిరా ఇది?" అంటే "ప్రొటెస్టు తాతా" అన్నాడు మా వీధి గుంటడు.

ప్రొటెస్టట! లాటిన్లో ఆ మాటకి మూలం, పదిమంది ఎదుట సాక్ష్యం పలకడం. 1529లో జర్మనీలోని స్పేయర్ సభలో మతం మీద చేసిన తీర్మానానికి ఒప్పుకునేది లేదని కొందరు ప్రభువులు, కొన్ని పట్టణాలవాళ్లు రాసిచ్చారు. ప్రొటెస్టెంట్లన్న పేరు అక్కడే పుట్టింది. సాక్షి అన్నాక పేరు చెప్పాలి, తరవాత వచ్చింది పడాలి.

మన ధర్నా అంతకంటే మొండిది. బాకీ తీర్చనివాడి గుమ్మంలో అప్పిచ్చినవాడు తిండి మానేసి కూర్చునేవాడు. ప్రాణం పోతే ఆ పాపం ఇంటాయనకి చుట్టుకుంటుంది మరి. దొరలు దీనికెంత జడిశారంటే, 1860 నాటి పీనల్ కోడ్ 508వ సెక్షన్లో దేవుడి ఆగ్రహం చూపి బెదిరించడం నేరమని, ధర్నా కూర్చోవడాన్నే ఉదాహరణగా రాసుకున్నారు. మా గుంటడి ధర్నాకి ఏ సెక్షనూ అక్కర్లేదు, ఆకలేస్తే వాడే లేచిపోతాడు.

మా రోజుల్లో అలా కాదు. 1966 అక్టోబరులో అమృతరావు గారు గుంటూరు వైపునుంచి వచ్చి, విశాఖలో ఉక్కు ఫ్యాక్టరీ కోసం నిరాహారదీక్ష పట్టారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు. ఆ ఉద్యమంలో 32 మంది పోయారు. అంత జరిగినా ఇందిరాగాంధీ నోట ఫ్యాక్టరీ మాట వచ్చేసరికి 1970 ఏప్రిలైంది. ఇంకా వెనక్కెళితే 1940లో మందస జమీందారీ. అడవిలో కట్టెలు కొట్టుకునే హక్కు కోసం రైతులు తిరగబడితే, గుడారి రాజమణిపురంలో పోలీసులకి ఎదురు నిలిచి తూటాకి బలైంది గున్నమ్మ. అప్పటికామె నిండు గర్భిణి.

"మీ కాలంలో తగలెట్టలేదా తాతా?" అన్నాడు గుంటడు. తగలెట్టారు. ఉక్కు గొడవలో రైల్వే ఆస్తులు కాలాయి, అది నాకప్పుడూ నచ్చలేదు. కానీ రోడ్డెక్కినవాడికి లాఠీ, జైలు తప్పవని ముందే తెలుసు. ఇప్పుడు కష్టమంతా బస్సులో కూర్చున్నవాళ్లకే.

అందరినీ ఒకే గాటన కట్టను. 2021 జనవరిలో ఆ ఉక్కు ఫ్యాక్టరీనే అమ్మేస్తామని కేంద్రం తేల్చాక, కూర్మన్నపాలెంలో కార్మికులు శిబిరం వేశారు. ఇప్పటి టెంటు దీక్షల్లాగే వాళ్లదీ రిలే దీక్షే. కానీ ఏళ్ల తరబడి, కెమెరాలు వచ్చినా రాకపోయినా, వంతులవారీగా కూర్చున్నారు. వాళ్లకి దణ్ణం పెడతాను.

మిగతా రిలే దీక్షల బాబులకి మాత్రం ఓ మనవి. పొద్దున్న పెసరట్టు ఉప్మా లాగించి పదింటికి టెంటులోకొచ్చి, ఒంటిగంటకి నిమ్మరసం తాగి దీక్ష విరమించకండి నాయనా. సాయంత్రం దాకానైనా ఆగండి. లేదంటే పేపర్లో "నిరాహార" అన్న ముక్క కొట్టేయించండి.