చిటికెడు కలుపు, డబ్బా మలాం

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్న సామెతను ఈ తొలకరితో ఎవరో రద్దు చేసినట్టున్నారు. ఆదివారం పొద్దున్నే, కాఫీ చల్లారకముందే, అపార్టుమెంటు గ్రూపులో గడ్డి చామంతి ఫొటో పడుతుంది. కింద చేతులు జోడించిన బొమ్మల వరస. ఆ ఫొటో పెట్టినావిడే నిరుడు ఇదే మొక్క లాన్‌లో మొలిచిందని తోటమాలిని నలుగురిలో కడిగేసింది. గ్లైఫోసేట్ కొట్టించాల్సిందేనని సంఘం మీటింగులో పట్టుబట్టింది. పెస్టు కంట్రోలు వాళ్ళు తప్ప ఇంకెవరూ ఆ మందు చల్లకూడదని కేంద్రం 2022లో ఆంక్ష పెట్టిందని ఎవరో గొణిగితే వినిపించుకోలేదు. ఇప్పుడు ఆ లాన్‌లోనే మళ్ళీ లేచిన ఆకు తెంపి మనవడి బుగ్గలకు మలాం కాస్తోంది.

కాసుకోనీ. నా బాధల్లా ఇలాంటి మలాం కాచి అమ్మేవాళ్ళ డబ్బా మీది చీటీతో. ‘మా పెరటి నుంచి మీ చర్మానికి’ అని ముందువైపు ముత్యాల్లాంటి అక్షరాలు. పెరటిది ఎంతుందో చూద్దామని వెనకవైపు తిప్పాను. కొబ్బరినూనె కేరళది. షియా వెన్న పశ్చిమాఫ్రికాది. లావెండర్ తైలం ఫ్రాన్సుది. విటమిన్ ఇ, వీధి చివర మందుల షాపులో దొరికే గొట్టాలు చిదిమి తీసింది. తేనెమైనం ఏ పట్టుదో రాయలేదు. అన్నిటికన్నా అడుగున, కళ్ళజోడు పెట్టుకుంటే తప్ప ఆనని అక్షరాల్లో గడ్డి చామంతి, చిటికెడు. పొడి రూపంలో.

ఆ పొడి కూడా పెరట్లో ఎండబెట్టింది కాదట. ఆన్‌లైన్‌లో తెప్పించారట! గేటు దాటి నాలుగడుగులు వేస్తే కాలికి తగిలే మొక్క అది. రోడ్డు డివైడరు మీద, రైలు కట్ట పక్కన, బడి ప్రహరీ కింద ఎక్కడంటే అక్కడ లేస్తుంది. దాన్ని పీకడానికి మనిషిని పెట్టి జీతమిస్తున్నాం. పీకిందంతా చెత్తబండికెక్కించి, దాని పొడిని అట్టపెట్టెలో తెప్పించుకుని సంతకం పెట్టి తీసుకుంటున్నాం.

అంతటితో ఆగారా? చీటీ మీద ‘5,000 ఏళ్ళ వారసత్వం’ అని ఇంకో ముక్క. అయ్యా, గడ్డి చామంతి సొంతూరు అమెరికా ఖండపు వేడి దేశాలు. అక్కణ్ణుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయింది. కొలంబస్ ఓడ ఎక్కిందే 1492లో. మరి మన ఋషులకు 5,000 ఏళ్ళ కిందట ఈ మొక్కను ఎవరు పార్సిలు చేశారో ఆ తయారీదారులే చెప్పాలి. అమెరికా మొక్క, ఆఫ్రికా వెన్న, ఫ్రాన్సు వాసన. ఈ డబ్బాలో అచ్చంగా పెరటిదంటూ ఉంటే అది చీటీ అంటించిన మైదా జిగురే.

ఆకులో సత్తా లేదని నేననడం లేదు. పల్లెటూళ్ళో దాన్ని గాయపాకనే అంటారు. మోకాలు చెక్కుకుపోతే నలిపి పసరు పిండేవాళ్ళు, అదే ఆకుతో పలకలూ తుడిచేవాళ్ళు. పుండు మాన్పే గుణం కోసం ఎలుకల మీద ప్రయోగాలూ జరిగాయి. కానీ ఆ పసరుకు డబ్బా లేదు, ధర లేదు, గడువు తేదీ లేదు. పిండిన పిల్లవాడు మరుక్షణం ఆటకు పరుగెత్తేవాడు. ‘కెమికల్స్ లేవు’ అన్న ముక్క జోలికి పోను. నీళ్ళూ కెమికలేనంటే నన్ను గ్రూపులోంచి తీసేస్తారు.

తైలం కాయడానికి మనకు ఒక పద్ధతి ఉంది. 1 పాలు ఆకు ముద్ద, 4 పాళ్ళు నూనె, 16 పాళ్ళు కషాయం. ఆయుర్వేదం చదివినవాళ్ళు ఎవరైనా చెప్పే మామూలు కొలత ఇది. నీరంతా ఇగరాలి. ముద్దను వేళ్ళ మధ్య నలిపితే వత్తిలా రావాలి, నిప్పులో వేస్తే చిటపటలాడకూడదు. చిటపటలాడిందంటే ఇంకా తడి ఉన్నట్టు. మలాం కాయడం నేర్పే ఆదివారం శిక్షణ తరగతిలో మాత్రం ఆకును కడిగిన తడితోనే నూనెలో పడేసి, పచ్చరంగు పోకూడదని చప్పున దింపేస్తారు. రంగు ఫొటోకు కావాలి కదా. వారం తిరిగేసరికి మూత కింద బూజు. అదేమంటే, ప్రిజర్వేటివ్ వెయ్యలేదనడానికి అదే రుజువట!

ఈమధ్య గడ్డి చామంతితో మోజు తీరి, కంచె పక్కన కనబడినదల్లా కలపడం మొదలైంది. ఫోను కెమెరా చూపిస్తే మొక్క పేరు అదే చెబుతుందట. చిత్రమూలం పచ్చి వేరు నూరి పెడితే ఒళ్ళు పొక్కుతుంది. అందుకే వైద్యులు దాన్ని సున్నపు నీళ్ళలో శుద్ధి చేసి గానీ వాడరు. జిల్లేడు పాలు కంట్లో పడితే నల్లగుడ్డు దెబ్బతింటుంది. ఇవేవీ రహస్యాలు కావు. మీరు కొలిచే ఆ అమ్మమ్మలే చెప్పేవాళ్ళు, అడిగినవాళ్ళు లేరు.

మా చుట్టాల్లో ఒక పెద్దాయన. ఏళ్ళ తరబడి షుగరు. అరికాలి పుండుకు, కానుకగా వచ్చిన మలాం రాసుకున్నారు. మంట లేదు, నొప్పి లేదు, అద్భుతంగా పనిచేస్తోందని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకూ చెప్పారు. షుగరు ముదిరి నరాలు మొద్దుబారిన కాలికి నొప్పి తెలియదు. దాన్ని మలాం మహిమ కింద రాసేసుకున్నారు. ఆ మెచ్చుకోళ్ళ మధ్యే పుండు ఎముకకు దిగింది. రెండు వేళ్ళు తీసేశారు. మలాం ఇచ్చినావిడ పరామర్శకు వచ్చింది. చేతిలో ఇంకో డబ్బా. ఈసారి పసుపు ఎక్కువ వేసిందట.

ఒళ్ళు మండిపోతుంది. అమ్మకానికి చేసే మందుకు, ఒంటికి పూసే క్రీముకు కూడా 1940 నాటి చట్టం కింద లైసెన్సు కావాలి. బొల్లి పోగొడతామని ప్రకటనలివ్వడం 1954 చట్టం ప్రకారం నేరం. ఇది పచ్చళ్ళ వ్యాపారం కాదు. పసిపిల్లల ఎగ్జిమా మీద, కాలిన బొబ్బల మీద చెయ్యి తిరగడానికి మీకెవరిచ్చారు అధికారం?

ఇక ఆ డబ్బా మీది బొమ్మ. ముక్కుపుడక, ముడతల మొహం, తలమీద గడ్డిమోపు. మునుం పట్టి కలుపు తీసే మనిషి. వయ్యారిభామ పీకీ పీకీ ఆమె ముంజేతుల మీద చర్మం దద్దుర్లతో నల్లగా మందమవుతుంది. రాత్రిళ్ళు గోకుతూనే ఉంటుంది. ఏ కలుపు ఒంటికి పడుతుందో, ఏది పడదో ఆమెకు తెలిసినంత మీ ఫోనుకు తెలియదు. ఆమెను ఏ శిక్షణ తరగతికీ పిలవలేదు. డబ్బా 349 రూపాయలు. చాలాచోట్ల ఇంచుమించు ఆ డబ్బుకే ఆమె పొద్దస్తమానం నడుం వంచుతుంది. మీ మలాం ఆమెకు ఇవ్వకండి, ఉన్న దురదలు చాలు. బొమ్మ వాడుకున్నందుకైనా ఒక జత రబ్బరు తొడుగులు కొనిపెట్టండి.