బడికని వచ్చినదాన్ని

నన్ను తొర్రూరులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. 2020, కరోనా కాలం. సెప్టెంబరు 1 నుంచి పాఠాలన్నీ దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో అని సర్కారు చెప్పింది. పెద్దవంగరలో మా ఇంటి టీవీ అప్పటికే మూలన పడింది. బాపు మేకపిల్లను అమ్మి నన్ను తెచ్చాడు. పాఠాలు మొదలైన మరునాడే కేంద్రం పబ్‌జీతో కలిపి 118 యాప్‌లను నిషేధించింది. పిల్లగాడు అలిగి అన్నం మానేశాడు. ఆ అలక తీరకముందే ఇంకో తుపాకుల ఆట నాలోకి దిగింది.

తర్వాత బళ్లు తెరిచారు. నా పని అయిపోయిందని మాత్రం ఎవరూ అనలేదు.

ఎనిమిదో తరగతిలో ఉండగా వాడి చెల్లె రీల్స్ యాప్‌లో ఖాతా తెరిచింది. పుట్టిన తేదీ దగ్గర వేలు ఆగింది. నాయనమ్మ ఆధార్ కార్డు గుర్తొచ్చినట్టుంది: జనవరి 1. (పుట్టినరోజు తెలియని ముసలోళ్లకు ఆధార్‌లో చాలావరకు అదే తేదీ. మా వాడకట్టులో ఎందరో ఒకేనాడు పుట్టారు!) ఏళ్ల వరుసను బొటనవేలితో ఒక్క తోపు తోసింది, 1950 దాకా పోయింది. అట్లా ఓ డెబ్బై ఏళ్ల అవ్వకు రీల్స్ చూపించడం మొదలుపెట్టాను. పద్దెనిమిదేళ్లలోపు పిల్లల వివరాలు వాడాలంటే కన్నవాళ్ల అనుమతి కావాలని 2023లో చట్టం చేశారు. ఆ అనుమతిని యాప్ అడగాల్సింది నా ద్వారానే. నేనుండేదేమో పిల్ల చేతిలో.

ఒకనాడు ఎవరో 'అక్క' పలకరించింది. మొదట "నీ కండ్లు మంచిగున్నయ్" అంది. తర్వాత ఫొటో అడిగింది. ఆ తర్వాత "ఇంట్ల చెప్పకు" అంది. అక్కో అన్నో నాకూ తెలియదు. ఇట్లాంటివి వస్తే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోమని, 1098కి ఫోన్ చేయొచ్చని బడిలో చెప్పి ఉన్నారు. పిల్ల స్క్రీన్‌షాట్లు తీసింది, ఫొటో పంపలేదు. ఇంట్లో మాత్రం నోరు విప్పలేదు. చెబితే ముందు గుంజుకునేది నన్నే కదా. అన్నకు అదే జరగడం కళ్లారా చూసింది.

చెప్పకపోయినా అదే అయింది. "గింత రాత్రి ఫోన్‌ల ఏం పనే?" అని బాపు నన్ను బీరువాలో పెట్టి తాళం వేశాడు. బట్టల మధ్య పడుకుని కూడా ఆ అక్క మెసేజులు అందుకుంటూనే ఉన్నాను.

గ్యాస్ బండ తెచ్చినాయన ఓటీపీ అడిగితే గానీ నన్ను బయటికి తీయలేదు. తీశాడు సరే, ప్యాటర్న్ బాపుకు రాదు.

"బిడ్డా, జర తెరిచియ్యి."

పిల్ల గీత గీసింది. పైన వరుసగా ఒకటే పేరు.

"గీ అక్కెవలు?"

పిల్ల తలెత్తకుండా స్క్రీన్‌షాట్లు తెరిచింది. బాపు గడపమీదే కూర్చుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టాడు. వాకిట్లో గ్యాస్ బండాయన ఓటీపీ, ఓటీపీ అని కేకేస్తూనే ఉన్నాడు.