లీవరు తుపాకి వెలనిర్ణయము: టీకా తాత్పర్య సహితము

అవతారిక. కాళిదాసునకు మల్లినాథసూరి దొరకినట్లు పాత తుపాకికి వ్యాఖ్యాత దొరకకపోవుట మన వాఙ్మయమున నొక లోటు. మాండవ్యనదీ తీరమున వీరభద్రస్వామి వెలసిన రాయచోటియందు, తాతగారు వాడి విడిచిన వించెస్టరు లీవరు రైఫిలు తనకు సంక్రమించిన గృహస్థుడెవడైన, దాని నుంచుకొందునా, అమ్ముదునా, అమ్మినచో ఎంతకు అని సంశయించెనేని, అతని యుపకారార్థమై ఈ సూత్రము. భాష సీమది, భారమంతయు వ్యాఖ్యాతది.

మూలము.
"గొట్టం సూడు, కట్టె సూడు, మేకు తలకాయ సూడు, కాయితం సూడకుండా దమ్మిడీ ఇయ్యాకు నాయనా."

టీక. గొట్టం సూడు: లీవరు రైఫిలునకు గొట్టములు రెండు కదా, ఏకవచన మెట్లు పొసగునని పూర్వపక్షము. పైది గుండు వెడలు దారి. క్రిందిది తూటాలు వరుసగా నిలుచు కోశము. 1894 నమూనాయందు ఈ కోశమున వెనుక తూటా ముక్కు ముందు తూటా పిరుదును తాకుచుండును గనుక, మొన వాడియైనచో లోపలనే ప్రేలు భయమున్నదని, చదును ముక్కు గుండ్లనే వాడుదురు. 1895 నమూనాయందు రూపకర్త బ్రౌనింగు మహాశయుడు క్రింది గొట్టమును తీసివేసి పెట్టె నమర్చెను. కావున సూత్రకారుడు పై గొట్టమునే ఉద్దేశించెనని సిద్ధాంతము. దానిని చూచు విధ మెట్టిదనిన: తుపాకి ఖాళీయని రూఢిపరచుకొని, లీవరును క్రిందికి దింపి, తెరచుకొన్న నోట తెల్లకాగితపు తునక నుంచి, ఆ తెలుపుపై బడిన వెలుతురులో మూతివైపునుండి పరికింపవలెను. మెలిగాడులు పదునుగా మెరసిన మేలు. తుప్పు గుంటలు కనబడినచో బేరము అచ్చటనే సగము చల్లారును. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల తుపాకులను ఠాణాలో జమచేయించుట ఆచారమగుటచే, నూనె తగులక ఇది గడపిన ఎన్నికలెన్ని యని అడుగుట కొనువాని హక్కు.

కట్టె సూడు: అక్రోటు కట్టెయే పుట్టుకతో వచ్చినది. విరిగినదానిని మన వడ్రంగి టేకుతో ఎంత నేర్పుగా మార్చినను, పని మెచ్చుకొందురు గాని వెల పెంచరు.

మేకు తలకాయ సూడు: మరమేకు తలమీది గాడి చెదరియున్నచో, తగని తిరుగుడుపుల్లతో ఎవడో లోపల చేయిపెట్టెనని అర్థము. పనిలోపనిగా సుత్తిని సగము ఎత్తిన మెట్టున నిలిపి, అది నిలుచునో జారునో చూడవలెను. ఇచటనే మరియొక అపరాధమును గూర్చి చెప్పవలసియున్నది. దసరా ఆయుధపూజకు ముందు గరుకు కాగితముతో తోమి, నల్లరంగు పూసి, కుంకుమ దిద్ది, "కొత్తదానివలె నున్నది చూడుడు" అని మురియువారు కలరు. ఎద్దుల సంతలో కొమ్ములకు రంగు వేసిన ఎద్దును చూచిన రైతు ముందుగా దాని పళ్ళు తెరచి చూచునట్లు, ఎరిగిన బేరగాడు ఆ మెరుపును చూచినంతనే అనుమానించును. వెలిసిన పుట్టుమెరుగునకున్న వెల పూసిన నిగనిగకు లేదు.

కాయితం సూడకుండా: సూత్రమునకు ప్రాణ మిది. తుపాకి లోహమున కొక ధర, లైసెన్సున కొక ధర కలవని లోకము భ్రమించును. రెండవది లేక మొదటిది శూన్యము. 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము, యజమాని మరణించిన పిమ్మట వారసునకు లైసెన్సు లేనిచో, తుపాకిని ఆలస్యము చేయక ఠాణాలోగాని లైసెన్సుగల వర్తకునివద్దగాని జమచేయవలెను. కొనువానికిని లైసెన్సు ఉండవలెను. అమ్మదలచినవాడు జిల్లా మేజిస్ట్రేటునకుగాని దగ్గరి ఠాణా అధికారికిగాని వ్రాతమూలకముగా తెలిపి, 45 దినములు గడచువరకు తుపాకిని చేతులు మార్చరాదు.

ఇక వెల ఏల ఎక్కును, ఏల దిగును? 1980ల నడుమ నుండి విదేశీ తుపాకుల దిగుమతి సామాన్యులకు మూతపడగా, అంతకు పూర్వము వచ్చినవాని ధర మూలధరతో పొంతనలేక పెరిగెను. 1972 నాటి వన్యప్రాణి చట్టము వేటను అణచెను. ఆయుధ చట్టపు 2019 సవరణ ఒక్కొక్క లైసెన్సుదారునకు మూడు తుపాకులను రెండు చేయగా, కొనగలవారే అమ్మవలసినవారైరి. చెనిక్కాయ చేనును అడవిపందులనుండి కాచుకొను రైతునకు, తూటా సులభముగా దొరకని వించెస్టరు కంటె పన్నెండు బోరు తుపాకియే మిన్న. మన కర్మాగారములు దానికి తూటాలు చేయుచున్నవి. వించెస్టరు తూటాలలో చాలవాటిని చేయుట లేదు. కనుక తూటాలేని లీవరు రైఫిలును కోరువాడు సేకర్త యొక్కడే. అట్టివాడు రాయచోటిలో ఎందరు?

విశేషము. "ఆండర్సన్ దొర తుపాకి ఇటువంటిదే" అని కొందరు వెల హెచ్చింపజూతురు. బెంగుళూరి వేటగాడు కెన్నెత్ ఆండర్సన్ వాడినది .405 వించెస్టరు 1895 నమూనా యనుటయు, నరభక్షక వ్యాఘ్రమునకై ఆయన మామండూరు అడవులకు వచ్చెననుటయు నిజమే. అయినను "ఇటువంటిది" అనునది "ఇది" కాజాలదు. ఆయన చేతిదే యని చూపు లేఖ యున్నచో కథకు ధర కట్టవచ్చును. లేనిచో కాఫీతోపాటు ఉచితముగా వినవచ్చును.

తాత్పర్యము. గొట్టము, కట్టె, మేకు అను మూడును కలిసి తుపాకి ఎంత మంచిదో చెప్పును. అది అమ్ముడగునో కాదో చెప్పునది కాగితము. కావున, ఓ వారసుడా, తాతగారి రైఫిలు ధర నన్నడుగక, ముందు నీ లైసెన్సు దరఖాస్తు సంగతి చూడుము. అది తేలువరకు తుపాకి ఠాణాలోనో వర్తకునివద్దనో ఉండవలెను. నీ ఇంట గోడపై కాదు.