చిత్రావతి చెత్త పట్టాలంటే ఏటికి పోవద్దు

ఏట్లో తేలే చెత్తను పట్టాలంటే ఏట్లో నీళ్లు లేనప్పుడు బయల్దేరండి. తాడిమర్రి వైపు చిత్రావతి ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే. అప్పుడు చెత్తంతా వంకల్లో, కల్వర్టుల కింద, అంగళ్ల వెనక కాలువల్లో కూర్చుని ఉంటుంది. కొత్తనీళ్లు రాగానే ఒక్కసారిగా లేస్తుంది. 2021 నవంబరులో వెల్దుర్తి దగ్గర చిత్రావతి వరదలో చిక్కుకున్నవాళ్లను వైమానిక దళం హెలికాప్టరుతో కాపాడాల్సి వచ్చింది. అంత పారుదలకు అడ్డంగా మీరేం కట్టినా నిలవదు. మే నెలలో ఒక గోతం, కొడవలి చాలు.

కంపచెట్ల దగ్గర మొదలుపెట్టండి. ముళ్లకు చుట్టుకున్న పాలకవరు, అందులో చారెడు మట్టి, మట్టిలో గుట్కా పొట్లాలు. కవరును లాగితే చిరిగి సగం ముళ్లకే ఉండిపోతుంది. కొమ్మతో సహా నరికి గోతంలో వేయండి.

కల్వర్టుకు చేపల వల కట్టమంటారు, వినొద్దు. నాలుగు కవర్లు అతుక్కోగానే వల గోడవుతుంది, మురుగు ఇళ్లలోకి తిరుగుతుంది. ఇనుప కడ్డీల జాలీ వాలుగా పెట్టండి. వాన పడ్డప్పుడల్లా దాన్ని గీకే మనిషి లేకపోతే అదీ వద్దు. చెన్నై కూవంలో తేలే అడ్డుకట్టలు, బాల్టిమోరులో 2014 నుంచి తిరుగుతున్న చెత్తచక్రం నిత్యం నీళ్లుండే చోట్లవి. మనకు చెరువులో అయితే తేలే తాడు పనికొస్తుంది, అదీ ఏటవాలుగా కడితే. అప్పుడు చెత్త తానే గట్టుకు జారుతుంది.

గట్టున చెత్తకుండీ పెట్టించొద్దు. నిండాక కుక్కలు లాగుతాయి, గాలి మళ్లీ ఏట్లోకే తోస్తుంది. కుండీ అంగడి ముందుండాలి. కాలువ పూడిక తీసి పక్కనే కుప్ప పోయడం అన్నింటికన్నా చెడ్డ అలవాటు, తర్వాతి వానకు అదే లోపలికి దిగుతుంది. ట్రాక్టరు రాని రోజు పూడిక తీయొద్దు. ఎండాక కాల్చేద్దామనీ అనుకోవద్దు, ఆ పొగ పీల్చేది పిల్లలే.

ఇక ఊరి చెత్త ఊళ్లోనే తేలుతుందనుకోవద్దు. ధర్మవరం దాటిన చిత్రావతి తాడిమర్రి మండలం మీదుగా పార్నపల్లె దగ్గరి 10 టీఎంసీల బ్యాలెన్సింగ్ రిజర్వాయరులో కలుస్తుంది. ధర్మవరం కుళాయిలకు నీళ్లు వెళ్లేది అక్కడి నుంచే. ధర్మవరం చెత్త ముందు వచ్చేది తాడిమర్రికే కాబట్టి తాడిమర్రి వాళ్లు ధర్మవరం మున్సిపాలిటీని నిలదీయాలి. 120 మైక్రాన్ల కన్నా పలచని ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు 2022 డిసెంబరు 31 నుంచి నిషేధం. వర్షాకాలానికి ముందే హోల్‌సేల్ అంగళ్లలో తనిఖీ చేయమని అర్జీ పెట్టండి, రసీదు అడిగి తీసుకోండి.