కద్మా ఆఫీసులో రాత్రి డ్యూటీ

ఈ పాత కంప్యూటర్ పెట్టె తనను 'నేను' అనుకోదు. లాగ్ ఫైలులో ఫలానా యంత్రం, ఫలానా వేళ, ఫలానా పని అని రాసుకోవడమే దానికి అలవాటు. తన కథనూ అలాగే చెప్పుకుంటుంది.

జంషెడ్‌పూర్ కద్మాలో, ఉక్కు కర్మాగారం పనికి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఇంటి అమ్మాయే ఒక చిన్న ఆడిటింగ్ ఆఫీసులో 11 కంప్యూటర్లు చూసుకుంటుంది. కొత్త విండోస్‌ను మోయలేక మూలన పడ్డ ఈ పెట్టెను దుమ్ము దులిపి, డెబియన్ లినక్స్ ఎక్కించింది. ఒక్క రూపాయి లైసెన్సు ఖర్చు లేదు.

అప్పటినుంచి దీనికి రాత్రి డ్యూటీ. వేళకు పనులు మొదలుపెట్టే క్రాన్ ఒంటిగంటన్నరకు నిద్ర లేపుతుంది. 1997లో పుట్టిన ఎన్‌మ్యాప్ ఏ కంప్యూటర్‌లో ఏ పోర్టు తెరిచి ఉందో చూస్తుంది. ఆమె రాసిన పైథాన్ స్క్రిప్టు ఒక్కోదాన్నీ పలకరిస్తుంది: ఆఖరి అప్‌డేట్ ఎప్పుడు? నిన్న లేని యూజర్ ఖాతా ఇవాళ ఎక్కడిది? తెల్లారేసరికి జాబితా సిద్ధం.

మొదట్లో ఆమె పాస్‌వర్డ్‌ను స్క్రిప్టులోనే రాసేసింది. ఆ ఫైలు ఎవరి కంటపడినా పదకొండింటి తాళాలూ వాళ్ల చేతికి వెళ్లినట్టే. మర్నాడే గుర్తించి, దాన్ని వేరే ఫైలుకు మార్చి, ఇంకెవరూ చదవలేకుండా అనుమతులు బిగించింది.

2017 మే 12న వానాక్రై అనే రాన్సమ్‌వేర్ విరుచుకుపడింది. 445 పోర్టు గుండా ఒక కంప్యూటర్ నుంచి మరోదానికి పాకుతూ, ఫైళ్లకు తాళం వేసి బిట్‌కాయిన్లు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. నిజానికి మద్దతు ఉన్న విండోస్‌లకు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే దీన్ని ఆపే సవరణ ఇచ్చింది. అది వేసుకోని యంత్రాలే ఎక్కువగా చిక్కాయి.

శనివారం పొద్దున్నే ఆఫీసు పెద్దాయన ఫోను చేశారు. "అమ్మా, మన సిస్టమ్స్ ఎలా ఉన్నాయి?"

ఆమె రాత్రి జాబితా తెరిచింది. తొమ్మిది కంప్యూటర్లకు సవరణ పడింది, రెండింటికి లేదు. ఆ రెండింటి పేర్లూ వారాలుగా జాబితాలో ఉన్నాయి. "మార్చి లెక్కలు నడుస్తున్నాయక్కా, రీస్టార్ట్ వద్దు" అన్న సిబ్బంది మాటకు ఆమె ఆగింది, తర్వాత పనుల్లో మరిచిపోయింది. ఇప్పుడు పరుగున వెళ్లి ఆ రెండింటి నెట్‌వర్క్ కేబుళ్లు పీకేసింది. పెన్‌డ్రైవ్‌లో సవరణ తెచ్చి వేసి, ఫైళ్లు పంచుకునే పాత ఎస్‌ఎంబీ పద్ధతిని ఆపేశాకే మళ్లీ కలిపింది.

ఆ సాయంత్రమే స్క్రిప్టుకు నాలుగు వరుసలు చేర్చింది. వారం దాటినా అప్‌డేట్ కాని కంప్యూటర్ పేరు జాబితా పైన ఎర్రగా వస్తుంది, పెద్దాయనకూ మెయిల్ వెళుతుంది.

నిన్న రాత్రి పది పలికాయి. పదకొండోది పలకలేదు.

"తమ్ముడూ, నీ ల్యాప్‌టాప్ ఏదీ?"

"ఇంట్లో ఉందక్కా, మధ్యాహ్నం తెస్తా."